జఠరబంధనము: పట్టీల తారతమ్యము

స్థూలకాయుని చూచి నవ్వుట లోకమునకు అలవాటు. నాటకములో విదూషకుడు బొజ్జతో రంగమెక్కగనే ప్రేక్షకులు పకపక నవ్వుదురు. పెండ్లిపందిటిలో మఱల మఱల వడ్డన కోరిన బంధువును గూర్చి నెలదినముల వఱకు పరిహాసములు సాగును. మఱియొక ప్రక్క, మన పల్లెలలో కొంచెము ఒడలు చేసినవానిని చూచి "కలిగిన యింటి బిడ్డ" యని మెచ్చుకొనుటయు కలదు. ఈ నవ్వునకును ఈ మెప్పునకును నడుమ, నిజముగా వ్యాధిగ్రస్తుడైన మనుష్యుని బాధ యెవరికిని కనబడకున్నది. నాలుగు మెట్లెక్కిన ఆయాసము, రాత్రి నిద్రలో ఊపిరి నిలిచిపోవుట, మోకాళ్ల నొప్పులు, మధుమేహము, రక్తపుపోటు, ఇవి పరిహాసమునకు తగిన విషయములు కావు.

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములు గలవారిని ఆచార్యుడు అచ్చట పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకముగా తీసికొని విచారించెను. అతిస్థూలునకు కలుగు ఎనిమిది దోషములలో ఆయుఃక్షయము, దుర్బలత్వము, చెమట బాధ మొదలగువానితో పాటు మితిమీఱిన ఆకలిని, మితిమీఱిన దప్పికను కూడ చేర్చెను. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆకలి యెక్కువగుటను ఆయన రోగి శీలములోని లోపముగా గాక రోగలక్షణముగా గణించినాడు. నేటి వైద్యశాస్త్రము హార్మోనులను, నాడులను శోధించి చేరిన నిర్ణయమును ఇంచుమించుగా ఇదియే. పస్తులుండి బరువు తగ్గించుకొన్నవాని దేహము ఊరకుండదు. ఆకలి పుట్టించు రసములను అధికము చేయును, శక్తివ్యయమును తగ్గించును, పోయిన బరువును తిరిగి తెచ్చుకొనుటకు సర్వవిధముల యత్నించును. కనుకనే పథ్యముచేత తగ్గిన భారము అనేకులకు కొలది యేండ్లలో మఱల వచ్చి చేరుచున్నది.

ఇట్టివారిలో కొందఱు శస్త్రవైద్యము నాశ్రయింపవలసి వచ్చుచున్నది. అందొక మార్గము జీర్ణాశయపు పైభాగమునకు పట్టీ వేయుట. దీనిని గూర్చి మా పాఠకులు కొందఱు మమ్మడుగుచున్నారు. విదేశములందున్న కుమాళ్లో, అల్లుండ్రో చెప్పగా విన్నవారు కొందఱు. నగరములలోని ప్రకటనలు చూచినవారు కొందఱు. "ఏ పట్టీ మంచిది?" అన్నది వారందఱి ప్రశ్న. మేము వైద్యులము కాము. అయినను ప్రచురితములైన పరిశోధన ఫలితములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము స్పష్టముగా గోచరించుచున్నది. నేటి పట్టీలలో పట్టీకిని పట్టీకిని గల భేదము స్వల్పము. పట్టీ వేసిన పిదప దానిని ఏండ్ల తరబడి కనిపెట్టియుండు మనుష్యుడు గలడా లేడా యన్నదియే పెద్ద భేదము. ఈ మాటను నిరూపించుటయే మా ఉద్దేశము.

ఎవరికి ఈ చికిత్స?

స్థౌల్యమును కొలుచుటకు వైద్యులు వాడు సాధనము దేహభార సూచిక. బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, బరువును ఎత్తు చేత రెండు మార్లు భాగించిన వచ్చు అంకెయే యిది. ఒక మీటరు 65 సెంటీమీటర్ల యెత్తుగల మనుష్యుడు సుమారు 109 కిలోలు తూగినచో ఆతని సూచిక 40. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు 1991లో చేసిన నిర్ణయము ప్రకారము సూచిక 40 దాటినవారును, మధుమేహాది తీవ్రవ్యాధులు తోడై 35 దాటినవారును శస్త్రచికిత్సకు అర్హులు. ముప్పదియేండ్లకు పైగా ఆ నియమము చెల్లినది. 2022లో అమెరికాలోని స్థౌల్యశస్త్రవైద్యుల సంఘమును, అంతర్జాతీయ సమాఖ్యయు కలసి దానిని సడలించి, వ్యాధులున్నను లేకున్నను 35 చాలుననియు, ఆసియావాసులకు 27.5 నుండియే ఆలోచింపవచ్చుననియు ప్రకటించినవి.

ఈ కడపటి మాట మనకు సంబంధించినది. యూరోపియనులతో పోల్చినచో తక్కువ బరువునందే మనవారికి నడుము చుట్టును, లోపలి అవయవముల చుట్టును కొవ్వు చేరును. తక్కువ బరువునందే మధుమేహము సంక్రమించును. పైన చెప్పిన యెత్తుగల మనుష్యునకు 27.5 అనగా 75 కిలోలు మాత్రమే. అట్టివారందఱు పోయి కత్తిక్రింద పరుండవలెనని దీని భావము కాదు. "నేనంత లావు లేనుగదా" యను ధైర్యము మనవారి విషయమున తఱచు మోసము చేయునని మాత్రమే గ్రహింపవలెను.

పట్టీ చేయు పని

అన్నవాహిక జీర్ణాశయమున ప్రవేశించు చోటికి కొంచెము దిగువను పట్టీ చుట్టినచో పైన కోడిగ్రుడ్డంతకు మించని చిన్న సంచి, క్రింద మిగిలిన జీర్ణాశయము, నడుమ సన్నని దారి యేర్పడును. ప్రేగులను కోయుట లేదు. ఆహారములోని పోషకపదార్థములు దేహమునకు పట్టుటలో లోపము లేదు. చిన్న సంచి నిండగనే ఆకలి తీరునని మొదట తలంచిరి. తరువాతి పరిశోధనలు వేఱు మార్గమును చూపినవి. పట్టీ సరిగా బిగింపబడియున్నప్పుడు, బాగుగా నమలి మ్రింగిన చిన్న ముద్ద పైసంచిలో నిలువయుండక కొంచెము సేపటిలోనే పట్టీని దాటిపోవును. దాటుచున్నప్పుడు అచ్చటి గోడపై పడు ఒత్తిడి నాడుల ద్వారమున మెదడునకు చేరి "చాలు" నను భావమును కలిగించును. అనగా మంచి పట్టీ అన్నమునకు అడ్డుగోడ కాదు; ఆకలికి పలుకు సమాధానము. ఈ సూక్ష్మము తెలియక, బిగించినకొలది మేలని భావించినచోటనెల్ల కీడే కలిగినది.

డెల్టా రైతులకు ఈ విషయము ఒక ఉపమానముతో తేటపడగలదు. ధవళేశ్వరమున కాటను దొర కట్టించిన ఆనకట్ట కదలని కట్టడము. వరద వచ్చినను ఎండ కాసినను దాని యెత్తు ఒక్కటే. ఆ స్థానమున నేడున్న బ్యారేజికి తలుపులు కలవు. నీటిని బట్టి ఎత్తవచ్చును, దింపవచ్చును. జీర్ణాశయపు పట్టీల చరిత్రయు ఇట్లే ఆనకట్టతో మొదలై తలుపుల బ్యారేజి వఱకు నడచినది.

కదలని పట్టీలు

1978లో విల్కిన్సను, పెలోసో అను అమెరికా శస్త్రవైద్యులు జీర్ణాశయపు పైభాగమునకు మార్లెక్సు అను వలగుడ్డను చుట్టిరి. కొలది కాలమునకే హూస్టనులో మోలినాయును, నార్వేలో కోలేయును ఇట్టి ప్రయోగములే చేసిరి. పద్ధతి సులభము, కోత లేదు, కుట్టు తక్కువ. కాని ఒకసారి బిగించిన పట్టీ బిగింపు ఎల్లకాలమొక్కటే. కొందఱికి అది వదులై ప్రయోజనము లేకపోయెను. కొందఱికి మిక్కిలి బిగువై ద్రవము తప్ప వేఱేదియు దిగకుండెను. సరిచేయవలెనన్న పొట్టను మఱల తెఱవవలసినదే.

అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసను 1980లో మఱియొక పద్ధతిని కనుగొనెను. జీర్ణాశయమును నిలువుగా లోహపు కుట్లతో విభజించి, పైసంచి బయటిదారికి మాత్రము ఐదు సెంటీమీటర్ల చుట్టుకొలతగల వలపట్టీని వేయుట దీని విధానము. సంచి సాగిపోదు, దారి వెడల్పు కాదు అని ఆయన ఆశయము. ఆ దశాబ్దమున ఈ శస్త్రచికిత్స విశేషవ్యాప్తి గాంచెను. కాని ఏండ్లు గడచినకొలది కుట్లు విడిపోవుట, దారి మూసికొనిపోవుట, వాంతులు మొదలగు చిక్కులు బయటపడినవి. వీనికి తోడు రోగులు కొందఱు గట్టి ఆహారము దిగక, తీపి పానీయములకును మెత్తని మిఠాయిలకును అలవడిరి. పట్టీ అన్నమును ఆపగలిగెను గాని పానకమును ఆపలేకపోయెను. నేడీ శస్త్రచికిత్స ఇంచుమించుగా అంతరించినది.

సవరింపదగిన పట్టీలు

బిగింపును పొట్ట తెఱవకుండ మార్చగల ఉపాయమును ఇరుపక్షములవారు ఇంచుమించు ఒకే కాలమున కనుగొనిరి. స్వీడనులో హాల్‌బర్గు, ఫోర్సెలు 1985లో ఒక పట్టీని రూపొందించిరి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున స్థిరపడిన యుక్రేనుజాతీయుడగు లుబోమీరు కుజ్మాకు 1986లో మఱియొక దానిని వాడుకకు తెచ్చెను. రెండింటి రచనయు ఒక్కటే. సిలికోను పట్టీ లోపలివైపున బుడగ యొకటి యుండును. దానినుండి సన్నని గొట్టము వచ్చి పొట్టచర్మము క్రింద అమర్చిన చిన్న డబ్బీకి చేరును. వైద్యుడు చర్మముమీదుగా సూదిని ఆ డబ్బీలోనికి గ్రుచ్చి ఉప్పునీరెక్కించినచో బుడగ ఉబ్బి పట్టీ బిగియును, తీసివేసినచో వదులగును. పని నిమిషములది, మత్తుమందు అక్కఱలేదు.

ఈ పట్టీని చిన్న రంధ్రములద్వారా దుర్భిణీసాయమున అమర్చుట తరువాతి మెట్టు. ఇథియోపియాలో జన్మించి బెల్జియమున శస్త్రవైద్యుడైన మితికు బెలాచ్యూ 1993 సెప్టెంబరులో హ్యూయీ పట్టణమున కుజ్మాకు రకపు పట్టీని తొలిసారిగా ఇట్లు అమర్చెను. నాటినుండి యూరోపులోను, ఆస్ట్రేలియాలోను ఈ చికిత్స వేగముగా వ్యాపించెను. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ 2001లో ల్యాప్‌బ్యాండు అను పట్టీకిని, 2007లో స్వీడిషు పట్టీ వంశమునకు చెందిన రియలైజు అను దానికిని అనుమతి నొసగినది.

ఈ రెండు వంశములకును భేదమేమి? తొలి ల్యాప్‌బ్యాండు ఇఱుకైనది. నాలుగు మిల్లీలీటర్ల నీటితో నిండును. కొంచెము నీరెక్కించినను ఒత్తిడి హెచ్చుగా పెరుగును. స్వీడిషు పట్టీ వెడల్పైనది. ఎక్కువ నీరు పట్టును, తక్కువ ఒత్తిడితో మెత్తగా అదుమును. తక్కువ ఒత్తిడి చేత జీర్ణాశయపు గోడకు హాని తగ్గునని దాని పక్షమువారి వాదము. తరువాత వచ్చిన ల్యాప్‌బ్యాండు నమూనాలు కూడ ఈ మార్గమునకే మఱలి, పది మిల్లీలీటర్లు, పదునాలుగు మిల్లీలీటర్లు పట్టునట్లు చేయబడినవి. స్విట్జర్లండులో ఈ రెండు పట్టీలను 180 మంది రోగులకు చీట్లు వేసినట్లు పంచి పోల్చిన పరిశోధన 2005లో ప్రకటితమైనది. ల్యాప్‌బ్యాండు వారు మొదట త్వరగా తగ్గిరి. కాని తుదకు ఇరుపక్షములవారి బరువు తగ్గుదలయు సమానమే అయ్యెను. స్వీడిషు పట్టీ వారిలో తొలి చిక్కులు కొంచెము ఎక్కువగా తోచినను, నిశ్చయించి చెప్పుటకు ఆ సంఖ్యలు చాలవు.

పట్టీ యేదైనను, దానిని త్రిప్పు దారి మాత్రము గణనీయమైన మార్పు తెచ్చినది. తొలిదినములలో పట్టీని జీర్ణాశయపు గోడకంటి త్రిప్పుచుండిరి. వెనుకవైపున అది జాఱిపోవుట తఱచు. తరువాత గోడకు కొంచెము దూరముగా, అచ్చట సహజముగా నుండు పలుచని పొరను ఛేదించి, చుట్టునున్న కొవ్వును కూడ కలుపుకొని త్రిప్పు పద్ధతి వచ్చెను. మెల్బోర్నులో పాలు ఓబ్రయను బృందము రెండు దారులను పోల్చి, రెండవదానియందు వెనుకకు జాఱుట మిక్కిలి తక్కువయని 2005లో చూపెను. కనుక "ఏ కంపెనీ పట్టీ?" యని యడుగువారు, "ఏ చేయి, ఏ దారి?" యని యడిగినచో ఎక్కువ లాభము.

ఫలితములు

మొదట మంచిని చెప్పుదము. శస్త్రచికిత్సలలో నిది మిక్కిలి నిరపాయమైనదిగా పేరుగాంచెను. అమెరికాలో పది వైద్యకేంద్రములు కలసి జరిపి 2009లో ప్రకటించిన పరిశీలనమున పట్టీ వేయించుకొన్న 1,198 మందిలో నెలదినములలోపల ఒక్కరును మరణింపలేదు. 2008లో ఆస్ట్రేలియావారు ప్రకటించిన పరిశోధనమున, ఇటీవలనే మధుమేహము కనబడిన 60 మంది స్థూలకాయులను రెండు సగములుగా విభజించి, సగము మందికి పట్టీ వేసిరి. తక్కినవారికి పథ్యము, మందులు, వ్యాయామము మాత్రమే ఇచ్చిరి. రెండేండ్లకు పట్టీ వారిలో నూటికి 73 మందికి మధుమేహము అణగెను. రెండవ పక్షమున నూటికి 13 మందికి మాత్రమే.

స్వీడనులో 1987 మొదలు జరిగిన మహాపరిశోధనమున రెండు వేలకు పైగా శస్త్రచికిత్స పొందినవారిని, అంతే సంఖ్యగల సాధారణ చికిత్స పొందినవారిని దీర్ఘకాలము గమనించిరి. పదియేండ్ల తరువాత మొదటి బరువులో పట్టీ వారు నూటికి 14 పాళ్లు, మేసను పద్ధతి వారు 16 పాళ్లు, ప్రేగుమార్గమును త్రిప్పు బైపాసు వారు 25 పాళ్లు తక్కువగా నుండిరి. మూడు పద్ధతుల వారిని కలిపి చూచినచో శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తగ్గినవని 2007లో వెల్లడించిరి. పదునాలుగు పాళ్లనగా 120 కిలోల మనుష్యునకు సుమారు 17 కిలోలు. ఇది స్వల్పము కాదు. ప్రకటనలు చూపు చిత్రములంత ఘనమును కాదు.

ఇక రెండు నగరముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టుదము. బ్రస్సెల్సులో 1994 నుండి 1997 వఱకు పట్టీ వేయించుకొన్న 151 మందిని పండ్రెండేండ్లు దాటిన పిదప హింపెన్సు బృందము వెదకగా, 82 మంది చిక్కిరి. వారిలో నూటికి 28 మందికి పట్టీ జీర్ణాశయపు గోడను ఒరసికొని లోనికి చొచ్చెను. ఇంచుమించు సగము మందికి పట్టీని తీసివేయవలసి వచ్చెను. మెల్బోర్నులో ఓబ్రయను బృందము 2013లో ప్రకటించిన లెక్కలు వేఱు. అచ్చట 3,227 మందిలో పదియేండ్లు దాటినవారిని చూడగా, పట్టీ లోనికి చొచ్చినది నూటికి 3.4 మందికి, తీసివేసినది నూటికి 5.6 మందికి మాత్రమే. పదునైదవ యేట కూడ ఉండవలసినదానికి మించిన బరువులో నూటికి 47 పాళ్లు తగ్గియేయుండెను. అట్లని అచ్చట చిక్కులు లేకపోలేదు. పైసంచి సాగుట నూటికి 26 మందికి, డబ్బీ గొట్టముల లోపములు నూటికి 21 మందికి కలుగగా మఱల శస్త్రచికిత్స చేసి సరిదిద్దిరి.

రెండు నగరములలోను వేసినది ఒకే జాతి పట్టీ. ఈ తేడాకంతకును కారణమొక్కటే యని చెప్పుట సాహసము. పద్ధతులు మాఱుచుండినవి, రోగులు వేఱు, లెక్కించిన తీరు వేఱు. అయినను మెల్బోర్నులో రోగిని విడువక పిలిపించి, బిగింపును పరిశీలించి, భోజనవిధానమును నేర్పు ఏర్పాటు మొదటినుండియు కలదన్నది విస్మరింపరాదు. న్యూయార్కులో 2004లో ప్రకటితమైన మఱియొక పరిశీలన దీనిని బలపఱచుచున్నది. పట్టీ వేసిన మొదటి యేట ఆఱు మార్లకు మించి వైద్యుని దర్శించినవారు మించిన బరువులో సగము పోగొట్టుకొనిరి. ఆఱు మార్లకు మించనివారు 42 పాళ్లు మాత్రమే. బైపాసు చేయించుకొన్నవారికి ఎన్ని మార్లు వచ్చినను ఇంచుమించు ఒకే ఫలితము. బైపాసు కోసి కలిపిన కాలువ. పట్టీ తలుపు గల లాకు. లాకు వద్ద లస్కరుండవలెను. లస్కరు లేని లాకు ఒక ఏడు పైరును ఎండబెట్టును, మఱియొక ఏడు ముంచివేయును.

మాకు తెలిసిన ఒక గాథ

కృష్ణాతీరమున మాకు పరిచితులైన రైతొకరు కొన్నియేండ్ల క్రిందట నగరమునకు పోయి పట్టీ వేయించుకొనిరి. మొదటి యేడు ఇరువది కిలోలు తగ్గి, పొలముగట్లపై ఆయాసము లేక నడువసాగిరి. పిదప ఆ వైద్యులు వేఱొక ఊరికి వెడలిపోయిరి. పట్టీని సవరింపగల మఱియొకరు దగ్గఱలో లేరు. బిగువు ఎక్కువై ముద్దగానైన అన్నము దిగకుండెను. పంక్తిలో కూర్చున్నవారు మూడవ ముద్దకే లేచి పెరటిలోనికి పోయి వాంతి చేసికొని, ఎవరికిని తెలియకుండ ముఖము కడుగుకొని వచ్చెడివారు. ఇంటివారు ఆదరముతో పాయసము, పాలు, పండ్లరసములు ఇచ్చిరి; అవి సులువుగ దిగెను. రెండేండ్లలో పోయిన బరువు మఱల వచ్చెను. వాంతులు మాత్రము మిగిలెను. తుదకు పట్టీని తీయించివేసిరి. "పట్టీ తప్పు కాదండీ, దాన్ని చూచే దిక్కు లేకపోయింది" అని వారు మాతో అన్నారు. ఇందు మేము ఏ వైద్యశాలను నిందించుట లేదు. శస్త్రచికిత్సకు ముందు ఆ రైతు పదిమంది నడిగినది ఖరీదును గూర్చి; ఒక్కరినైనను అడుగనిది పదియేండ్ల తరువాతి మాటను గూర్చి.

పట్టీ క్షీణదశ

ఇంతటి ఖ్యాతి గడించిన ఈ చికిత్స నేడు క్షీణించినది. అమెరికాలో 2011లో జరిగిన స్థౌల్య శస్త్రచికిత్సలలో నూటికి 35 పట్టీలు కాగా, 2019 నాటికి నూటికి ఒకటియైనను నిండుగా లేదు. వృద్ధుల వైద్యనిధి ఖర్చున 2006 నుండి 2013 వఱకు పట్టీలు వేయించుకొన్న 25,042 మంది లెక్కలను 2017లో ప్రకటించిరి. వారిలో నూటికి 18.5 మందికి మఱల శస్త్రచికిత్స అవసరమయ్యెను. అట్టివారొక్కొక్కరికి సగటున 3.8 మార్లు. ఆ నిధి పట్టీలకై వెచ్చించిన ధనములో ఇంచుమించు సగము ఈ దిద్దుబాట్లకే పోయెను.

ఇంగ్లండులో మూడు పద్ధతులను చీట్లు వేసినట్లు పంచి పోల్చిన పెద్ద పరిశోధన ఫలితములు 2025లో వెలువడినవి. మూడేండ్లకు మించిన బరువులో కనీసము సగము పోగొట్టుకొన్నవారు బైపాసు పక్షమున నూటికి 68 మంది, జీర్ణాశయమును నిలువుగా కోసి సన్ననిగొట్టముగా మార్చు స్లీవు పక్షమున 41 మంది, పట్టీ పక్షమున 25 మంది. ఇంకను, 2021లో సెమాగ్లూటైడు, 2023లో టిర్జెపటైడు అను సూదిమందులు బరువు తగ్గించుటకై అమెరికాలో అనుమతి పొంది, 2025లో మన దేశమునకును వచ్చినవి. వీనికిని ఒక షరతు కలదు. సెమాగ్లూటైడు మానివేసిన యేడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగివచ్చినట్లు పరిశోధనలు చూపినవి. మందుగాని, పట్టీగాని, దీర్ఘవ్యాధికి చికిత్సయు దీర్ఘమేయని దీనివలన తెలియవలెను.

అట్లయిన పట్టీని త్రోసివేయవలసినదేనా? అట్లు మేము చెప్పము. కోతకు భయపడువారికి, అవయవమును శాశ్వతముగా మార్చుకొనుట కిష్టపడనివారికి, అవసరమైనచో తీసివేయగల చికిత్స కావలెనని కోరువారికి దానియందు విలువ కలదు. కాని "తీసివేయవచ్చును" అను మాటను తేలికగా వినరాదు. తీసివేయుటయు ఒక శస్త్రచికిత్సయే. తీసివేసిన పిదప బరువు తిరిగివచ్చుట సామాన్యము. పట్టీ లోనికి చొచ్చియున్నచో పని కష్టతరము. కాలిఫోర్నియాలో రహదారులవెంబడి పెద్ద పలకలపై పట్టీని గూర్చి ప్రకటనలు వెలసినప్పుడు, అపాయములను దాచినందులకు ఆహార ఔషధ సంస్థ 2011 డిసెంబరులో పలు శస్త్రచికిత్సా కేంద్రములకు హెచ్చరిక లేఖలు పంపవలసి వచ్చెను. వైద్యమును వస్త్రములవలె ప్రకటించి అమ్మినచోట కొనువాడు తెలిసియుండవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

పట్టీ నెంచుకొనువారు శస్త్రవైద్యుని ముందు ఈ ప్రశ్నలుంచవలెనని మా మనవి. ఒకటి: మీరు నాకు పట్టీయే యేల సూచించుచున్నారు, స్లీవుగాని బైపాసుగాని మందుగాని యేల కాదు? రెండు: మీరిదివఱకు ఎందఱికి పట్టీ వేసితిరి, వారిలో ఐదేండ్లు దాటినవారు ఎందఱు మీ వద్దకు వచ్చుచున్నారు, ఎందఱికి తీసివేసితిరి? మూడు: మొదటి యేట నేనెన్ని మార్లు రావలెను, సవరింపుల ఖర్చు ముందే చేరినదా, వేఱా? నాలుగు: మీరు లేనినాడు నా పట్టీని సవరింపగలవారెవరు, నా ఊరికి ఎంత దూరము? ఐదు: వాంతి, గుండెమంట, రాత్రి దగ్గు కనబడినచో ఏ గంటకు ఎవరిని పిలువవలెను? ఈ ఐదింటికి నెమ్మదిగా సమాధానము చెప్పగల వైద్యుని పట్టీ యే వంశమునకు చెందినను మంచిదే. చెప్పలేనివాని పట్టీ యెంత నూతనమైనను మనకు వలదు.

ఇంటివారికిని ఒక మాట. పట్టీ వేయించుకొన్నవాడు ముద్దను చిన్నదిచేసి, నెమ్మదిగా నమలి, చాలుననిపించినంతనే ఆపవలెను. "ఇంకొక్క ముద్ద, నా మాట మన్నింపుము" అని బ్రతిమాలు తల్లియు, అత్తయు తమ ప్రేమచేతనే అతనికి అపకారము చేయుదురు. విస్తరిలో మిగిలినదానిని చూచి కోపగింపని గృహిణి ఆ పట్టీకి పెద్ద అండ.

చరకాచార్యుడు అతిస్థూలుని నిందితులలో చేర్చినది లోకము నిందించుచున్నదని చెప్పుటకే. తాను మాత్రము ఆతనికి చికిత్స విధించెను. మనమును నిందను మాని చికిత్స సంగతి చూతము. రోగి యడుగవలసినది పట్టీ పేరు కాదు, దానిని కాచు మనుష్యుని పేరు. లాకు తలుపు ఉక్కుదా, కఱ్ఱదా యని తర్కించుచు లస్కరును నియమింపని యూరు ఎన్నడును పంట పండించుకొనలేదు.